కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ అయింది, దేవరకొండలో క్లినిక్ పెట్టాలంటే ఏమేం కావాలి?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెబుతాను. మీ అమ్మాయి 2019లో నీట్ క్వాలిఫై అయి బిష్కెక్‌లో చేరింది. కరోనా టైంలో ఏడాదికి పైగా ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో క్లాసులు విన్నది. తర్వాత వెళ్లి చదువు పూర్తి చేసుకుని డిగ్రీతో తిరిగొచ్చింది. విదేశాల్లో వైద్యం చదివినవాళ్లకు ఇక్కడ పెట్టే స్క్రీనింగ్ పరీక్ష ఎఫ్‌ఎంజీఈ ఒక్కటి పాసైతే చాలు, ఇక డాక్టరే అని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. పరీక్షకు టైం ఉంది కాబట్టి అప్పటిదాకా దేవరకొండలో తెలిసినవాళ్ల నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీకి పంపుదామా, పాసయ్యాక ఊళ్లో క్లినిక్ పెట్టిద్దామా అని అడుగుతున్నారు. మీ తమ్ముడి కొడుకు కూడా ఈసారి అక్కడికే వెళ్తానంటున్నాడు.

సూటిగా చెబుతాను. నైట్ డ్యూటీకి పంపకండి. తెలంగాణ మెడికల్ కౌన్సిల్ పర్మినెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ ఇచ్చేదాకా మీ అమ్మాయి సొంతంగా ఒక్క ప్రిస్క్రిప్షన్ కూడా రాయకూడదు. ఆ నంబర్ రావాలంటే ఎఫ్‌ఎంజీఈ పాసవ్వాలి, కౌన్సిల్‌లో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, ఇక్కడి ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ పూర్తి చేయాలి. ఆ తర్వాతే క్లినిక్. పాసైన రోజు నుంచి లెక్కపెట్టినా, కాగితాల్లో ఏ చిక్కూ లేకపోతే, ఏడాదిన్నర దాకా పడుతుందని మనసులో పెట్టుకోండి. మీ తమ్ముడి కొడుకు సంగతి పూర్తిగా వేరు. అతనికి వర్తించే నిబంధనలే వేరు. అది కింద చెబుతాను.

నేనూ బయట చదివి వచ్చినవాణ్నే, రష్యాలో. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో ప్రాక్టీస్. రిజల్ట్ వచ్చిన ప్రతిసారీ కల్వకుర్తి, అచ్చంపేట, మిర్యాలగూడ వైపు నుంచి పిల్లలు ఫైళ్లు పట్టుకుని వస్తారు. వాళ్ల ఫైళ్లు చూసీ చూసీ తెలిసిందే ఇక్కడ రాస్తున్నాను.

నైట్ డ్యూటీ సంగతి ముందు తేల్చుకుందాం, ఎందుకంటే అది రేపే జరిగిపోవచ్చు. చిన్న పట్టణాల్లో నర్సింగ్ హోంలకు రాత్రి పూట మనిషి కావాలి. బయట చదివి వచ్చి ఇంకా పరీక్ష పాసవ్వని పిల్లలు తక్కువ జీతానికి దొరుకుతారు. "సార్ ఫోన్‌లో ఉంటారు, నువ్వు బీపీ చూసి ఇంజెక్షన్ రాస్తే చాలు" అంటారు. ఇంట్లో అప్పు ఉంటుంది, ఖాళీగా ఉన్నావని చుట్టాలు అంటుంటారు, పిల్లలు ఒప్పుకుంటారు. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) చట్టం 2019లోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. రాత్రి రెండింటికి గుండెనొప్పితో వచ్చిన మనిషి చనిపోతే, ఫోన్‌లో ఉన్న సార్ పేరు కాదు, కేస్ షీట్ మీద ఎవరి చేతిరాత ఉందో ఆ పేరే బయటికి వస్తుంది. ఆ ఒక్క కేసు మీ అమ్మాయి రిజిస్ట్రేషన్‌ను ఏళ్ల తరబడి ఆపేస్తుంది. ఆసుపత్రిలో కూర్చుని చూసి నేర్చుకుంటానంటే, తెలిసిన సీనియర్ దగ్గర పక్కన నిలబడి చూడమనండి. సంతకం, మందు చీటీ, ఇంజెక్షన్ ఆర్డర్ మాత్రం వద్దు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. "కౌన్సిల్‌లో మనవాళ్లున్నారు, పరీక్ష లేకుండానే నంబర్ ఇప్పిస్తాం" అని ఎవరైనా వస్తే గుమ్మం దగ్గరే పంపేయండి. 2022 డిసెంబర్‌లో సీబీఐ కేసు పెట్టింది. స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వకుండానే రిజిస్ట్రేషన్ పొందారని 73 మంది విదేశీ గ్రాడ్యుయేట్ల మీద, 14 రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్ల మీద పెట్టిన కేసు అది. ఎప్పుడో తీసుకున్న నంబర్లు కూడా తవ్వి తీశారు.

ఇప్పుడు పరీక్ష. 2002 మార్చి నుంచి ఉన్న నియమం ఇది. విదేశంలో ప్రాథమిక వైద్య డిగ్రీ చేసిన భారతీయులు ఇక్కడ రిజిస్టర్ కావాలంటే స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో డిగ్రీ చేసి, పీజీ కూడా అక్కడే చేసినవాళ్లకు మినహాయింపు ఉంది. కిర్గిజ్‌స్తాన్‌కు లేదు. నెక్స్ట్ అనే కొత్త పరీక్ష వస్తుందని చట్టంలో ఉంది, వాయిదా పడుతూ వస్తోంది. అది వచ్చేదాకా రాయాల్సింది ఎఫ్‌ఎంజీఈనే. నెక్స్ట్ వస్తే చూద్దామని ఎదురుచూస్తూ కూర్చోవద్దని నా సలహా.

ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, జూన్ సెషన్, డిసెంబర్ సెషన్. తేదీ ఒక నెల అటూ ఇటూ జరగడం మామూలే. 300 ప్రశ్నలు, ఉదయం 150, మధ్యాహ్నం 150. ఒక్కో భాగానికి రెండున్నర గంటలు. 150 మార్కులు వస్తే పాస్. మైనస్ మార్కులు లేవు. ఎన్నిసార్లయినా రాయవచ్చు. వింటే తేలిగ్గానే అనిపిస్తుంది. కానీ చాలా సెషన్లలో రాసిన ఐదుగురిలో సుమారు ఒక్కరే గట్టెక్కుతున్నారు.

పిల్లలకు తెలివి లేక కాదు. అక్కడి చదువులో లేని భాగం ఇక్కడి పేపర్‌లో పెద్దది. కమ్యూనిటీ మెడిసిన్‌కు 30 మార్కులు. అందులో మన టీకాల షెడ్యూల్, మన టీబీ ప్రోగ్రాం, ఆశా, అంగన్‌వాడీ, తాగునీటిలో ఫ్లోరైడ్ ఎంతుండాలి లాంటివి వస్తాయి. నల్గొండలో పుట్టిన పిల్లకు మర్రిగూడ, మునుగోడు వైపు వంకర్లు పోయిన కాళ్లు కళ్లారా తెలుసు. కానీ అదే జబ్బు ఎక్స్‌రేలో ఎలా కనిపిస్తుందో బిష్కెక్ ప్రొఫెసర్ చెప్పి ఉండడు, ఆయనకు ఆ అవసరం రాదు. గైనిక్‌కు ఇంకో 30. జనరల్ మెడిసిన్, సర్జరీలకు 30 పైచిలుకు చొప్పున. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీలకు 17 చొప్పున. ఆ మూడూ మొదటి రెండేళ్లలో చదివి వదిలేసినవి, మీ అమ్మాయి విషయంలో అవే ఏళ్లు ఆన్‌లైన్‌లో పోయినవి.

కోచింగ్ గురించి అడుగుతారని తెలుసు. హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకుని క్లాసులకు వెళ్లినా, ఇంట్లో యాప్‌లో చూసినా తేడా పెద్దగా లేదు. తేడా అంతా పాత ప్రశ్నలు ఎన్ని చేశారన్న దాంట్లోనే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో పాసైనవాళ్లు వీడియోలు తగ్గించి ప్రశ్నలు పెంచినవాళ్లు. ఫెయిలైనవాళ్లు ఎక్కువ మంది మొదటి వీడియో నుంచి చివరి వీడియో దాకా చూసి, పరీక్షకు వారం ముందు ప్రశ్నల పుస్తకం తెరిచినవాళ్లు. మొదటిసారి పోయినా కుంగిపోనివ్వకండి, పెళ్లి మాటలు అప్పుడే మొదలుపెట్టకండి. ఆ టెన్షన్‌లో రెండోసారి కూడా పోతుంది.

కాగితాలు పరీక్ష కన్నా ముందే సర్దుకోండి. ఈ భాగం కొంచెం నిదానంగా చదవండి. పాసయ్యాక కూడా నెలల తరబడి ఆగిపోయేది ఇక్కడే.

మొదటిది పేరు. మన పిల్లల టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి రాస్తారు. పాస్‌పోర్టు చూసి అక్కడి యూనివర్సిటీ వాళ్ల లిపిలో పేరు రాసుకుంటుంది. డిప్లొమా ఇచ్చేటప్పుడు దాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తెస్తారు. అప్పటికి "లక్ష్మి" కాస్తా "లక్ష్మీయి" అయి కూర్చుంటుంది. ఒక అమ్మాయి ఫైలు చూశాను, నాలుగు కాగితాల్లో నాలుగు రకాలుగా ఉంది పేరు. మీరు ఈ రోజే టెన్త్ మెమో, ఇంటర్ మెమో, నీట్ స్కోర్ కార్డ్, పాస్‌పోర్టు, డిప్లొమా, మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ ఒక బల్ల మీద పరిచి అక్షరం అక్షరం పోల్చండి. డిప్లొమాలో తప్పుంటే యూనివర్సిటీతోనే సరిచేయించాలి. అమ్మాయి స్నేహితులు ఇంకా అక్కడ ఉన్నప్పుడే అది తేలిక. ఇక్కడి కాగితాల మధ్య చిన్న తేడా అయితే నోటరీ అఫిడవిట్‌తో చాలాసార్లు సరిపోతుంది.

రెండోది ధ్రువీకరణ. డిగ్రీ మీద అక్కడి భారత రాయబార కార్యాలయం ముద్ర గానీ, ఆ దేశ ప్రభుత్వం వేసే అపోస్టిల్ అనే ధ్రువీకరణ ముద్ర గానీ ఉండాలి. ఇక్కడ నోటరీ దగ్గర వేయించుకునే ముద్ర దానికి బదులు కాదు. ఇంగ్లిష్ అనువాదం కూడా జతచేసి ఉంచండి.

మూడోది అర్హత. 2018 మే తర్వాత బయట చేరినవాళ్లకు నీట్ క్వాలిఫై కావడం తప్పనిసరి. ఆ ఫలితమే ఎలిజిబిలిటీ సర్టిఫికెట్‌గా లెక్క. 2019 స్కోర్ కార్డ్ ఎక్కడుందో వెతికి పెట్టండి. ఇంటర్ బైపీసీ మార్కుల మెమో కూడా అసలుది కావాలి.

నాలుగోది పాత పాస్‌పోర్టు. రెన్యూవల్ చేయించుకుంటే పాతది పారేయకండి. అక్కడ ఎన్ని రోజులు నిజంగా ఉండి చదివిందో కౌన్సిల్ చూసేది అందులోని రాకపోకల ముద్రల్లోనే. ప్రతి పేజీ, ఖాళీ పేజీలతో సహా, స్కాన్ చేసి ఉంచండి.

ఈ ముద్రల దగ్గరే మీ అమ్మాయి కరోనా ఏడాది సంగతి తేలుతుంది. ఆన్‌లైన్‌లో విన్న క్లాసుల్లో ప్రాక్టికల్, క్లినికల్ భాగాన్ని తర్వాత కాలేజీకి వెళ్లి నేరుగా పూర్తి చేసిందా లేదా అన్నదే కమిషన్ అడిగే ప్రశ్న. 2024లో ఇచ్చిన నోటీసుల సారం ఇదీ: తగినంతగా నేరుగా హాజరై ఆ లోటు పూడ్చుకుని, ఆ తర్వాత ఫైనల్ పరీక్ష పాసైనవాళ్లకు ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. లోటు పూడ్చుకోనివాళ్లకు అది రెండేళ్లు, మూడేళ్లు కూడా కావచ్చు. కాబట్టి యూనివర్సిటీ నుంచి ఒక లేఖ కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆన్‌లైన్, ఆ తర్వాత ఏ తేదీల్లో ఏ సబ్జెక్టులు నేరుగా చేయించాం అని స్పష్టంగా ఉండాలి. "ఈ విద్యార్థిని కోర్సు విజయవంతంగా పూర్తి చేసింది" అని రెండు లైన్లు రాసి ఇస్తే అది పనికిరాదు. తేదీలు పాస్‌పోర్టు ముద్రలతో సరిపోవాలి. యూనివర్సిటీ రాసిన తేదీల్లో మీ అమ్మాయి శంషాబాద్‌లో దిగినట్టు ముద్ర ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఆ లేఖ కోసం ఈ వారమే రాయించండి. రిజల్ట్ వచ్చాక వందలమంది ఒకేసారి అడుగుతారు, అక్కడి ఆఫీసు జవాబివ్వదు.

పాసయ్యాక పాస్ సర్టిఫికెట్ కోసం ఢిల్లీ ద్వారకలో, ఈ పరీక్ష నిర్వహించే ఎన్‌బీఈఎంఎస్ ఆఫీసుకు అమ్మాయి స్వయంగా వెళ్లాలి. ముఖం, వేలిముద్రలు పోల్చుకుని, అసలు కాగితాలు చూసి ఇస్తారు. మీరు ఆమె తరఫున వెళ్తే ఇవ్వరు. ఆ సర్టిఫికెట్‌తో కోఠి సుల్తాన్ బజార్‌లోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్ రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోవాలి. ఇది ఇంటర్న్‌షిప్ చేయడానికి మాత్రమే. ఈ నంబర్ పట్టుకుని క్లినిక్ తెరిచినవాళ్లను చూశాను. అది కూడా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీస్ చేసినట్టే.

ఇంటర్న్‌షిప్ గురించి తల్లిదండ్రులు చాలామంది "అక్కడ ఒక ఏడాది చేసే వచ్చింది కదా, మళ్లీ ఎందుకు" అంటారు. ఈ ఒక్క విషయంలో నేను నియమం పక్షాన ఉన్నాను, గట్టిగా ఉన్నాను.

మా జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో పత్తి సీజన్‌లో ఒక రాత్రి ఎలా ఉంటుందో చెబుతాను. ఆటోలో ఒక మనిషిని తెస్తారు, ముప్పై ఏళ్లుంటాయి. నోట్లో నురగ, ఒళ్లంతా చెమట, బట్టలకు పురుగుల మందు వాసన. భార్య చేతిలో ఖాళీ డబ్బా. కంటి పాపలు సూది మొనలంత చిన్నవై ఉంటాయి, నాడి నెమ్మదిస్తుంది, ఛాతీ మీద స్టెతస్కోప్ పెడితే బుడబుడమంటుంది. అట్రోపిన్ ఎక్కించాలి, ఛాతీ శుభ్రమయ్యేదాకా, మళ్లీ మళ్లీ చూసుకుంటూ ఎక్కించాలి. బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి. ఇంటర్న్ పని రాత్రంతా ఆ మంచం పక్కనే. పదిహేను నిమిషాలకోసారి పాపలు, నాడి, ఛాతీ. ఆ మంచం దిగేలోపు ఇంకొకరు పొలంలో ఏదో కరిచిందని వస్తారు. ఏ పామో చూడలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన గాజు ట్యూబులో తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు పెట్టి, వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర కాటని అనుమానించి విరుగుడు మొదలుపెట్టాలి. గడ్డకట్టినంత మాత్రాన ఇంటికి పంపకూడదు. కట్లపాము అయితే రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కనురెప్పలు వాలడం మొదలయ్యాకే తెలుస్తుంది.

బిష్కెక్‌లో, మాస్కోలో ఎంత మంచి కాలేజీలో చదివినా ఈ రెండు కేసులూ పిల్లలకు ఎదురుపడవు. దేవరకొండలో క్లినిక్ పెడితే మొదటి వానాకాలంలోనే ఈ రెండూ మీ అమ్మాయి గుమ్మం ముందుకు వస్తాయి. ఏది తను చూడాలి, ఏది ఒక్క నిమిషం కూడా ఆగకుండా నల్గొండకు పంపాలి అన్న తేడా ఇంటర్న్‌షిప్‌లోనే పట్టుబడుతుంది. పుస్తకంలో చదివి రాదు. అందుకే దీన్ని సర్టిఫికెట్ కోసం చేసే ఏడాదిగా చూడొద్దని ప్రతి పిల్లకూ చెబుతాను.

నియమాల్లోకి వస్తే, ఇంటర్న్‌షిప్ 12 నెలలు. అందులో కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు, గైనిక్ 7 వారాలు, మెడిసిన్, సర్జరీ ఆరేసి వారాలు, మిగతావి చిన్న చిన్న పోస్టింగులు. ప్రతి పోస్టింగ్‌కూ లాగ్‌బుక్‌లో సంతకాలు అప్పటికప్పుడే పెట్టించుకోవాలి. ఏడాది చివర ఒకేసారి పెట్టించుకుందామనుకుంటే ఆ ప్రొఫెసర్ బదిలీ అయిపోయి ఉంటారు.

మెడికల్ కాలేజీల్లో మంజూరైన సీట్ల మీద 7.5 శాతం దాకా బయట చదివినవాళ్లకు అదనంగా ఇంటర్న్‌షిప్ ఇవ్వవచ్చు. కేటాయింపు కౌన్సిల్ ద్వారా జరుగుతుంది, నేరుగా కాలేజీకి వెళ్లి మాట్లాడుకునేది కాదు. కొత్తగా తెరిచిన కాలేజీల్లో ముందుగా వేయవచ్చని కూడా నియమంలో ఉంది. మన వైపు ఇప్పుడు కాలేజీలకు కొదవ లేదు. మహబూబ్‌నగర్ 2016లో వచ్చింది, నల్గొండ, సూర్యాపేట 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తి 2022లో, గద్వాల, నారాయణపేట 2024లో. ప్రైవేటులో నార్కట్‌పల్లి, మహబూబ్‌నగర్ కాలేజీలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆప్షన్ ఇచ్చే అవకాశం వస్తే పేషెంట్లు ఎక్కువ ఉండే ప్రభుత్వ ఆసుపత్రికే మొదటి ఓటు వేయమంటాను. పాత జిల్లా ఆసుపత్రి మీద కట్టిన కాలేజీ అయితే ఓపీ, క్యాజువాలిటీ నిండుగా ఉంటాయి. హైదరాబాదే కావాలని పట్టుబట్టి నెలలు పోగొట్టుకోవడంలో అర్థం లేదు.

ఇంటర్న్‌షిప్‌కు ఫీజు కట్టకండి. 2022 మార్చిలో కమిషన్ ఇచ్చిన సర్క్యులర్‌లో ఇది స్పష్టంగా ఉంది. బయట చదివినవాళ్ల దగ్గర కాలేజీ ఏ రుసుమూ తీసుకోకూడదు, ఇక్కడి విద్యార్థులకు ఇచ్చే స్టైపెండే వీళ్లకూ ఇవ్వాలి. నేను ఎరిగిన ఒక అబ్బాయిని ఒక ప్రైవేటు కాలేజీ లక్షల్లో అడిగింది, "మెయింటెనెన్స్ చార్జీలు" అని పేరు పెట్టి. తండ్రి అప్పటికే ఎకరం అమ్మి ఉన్నాడు. రసీదు ఇవ్వమని, సర్క్యులర్ కాపీ జతచేసి రాతపూర్వకంగా అడిగాక ఆ మాట వెనక్కి పోయింది. నోటి మాటతో అడిగిన డబ్బుకు నోటి మాటతో జవాబు చెప్పకండి, కాగితం మీద అడగండి.

ఇక మీ తమ్ముడి కొడుకు. మీ అమ్మాయి చేరిన నాటి నియమాలు అతనికి వర్తించవు. 2021 నవంబర్ 18న వచ్చిన ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ లైసెన్షియేట్ నిబంధనల తర్వాత చేరేవాళ్లందరికీ లెక్క మారింది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. దాని మీద 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే యూనివర్సిటీలో చేయాలి. ఇక్కడికి వచ్చాక మళ్లీ 12 నెలలు. చదువు ఇంగ్లిష్ మీడియంలో సాగాలి. మొదలు నుంచి చివరి దాకా ఒకే సంస్థలో చదవాలి, మధ్యలో కాలేజీ మారితే చెల్లదు. చేరిన రోజు నుంచి పదేళ్లలో అంతా పూర్తి కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ డిగ్రీతో ఆ దేశంలో అక్కడి పౌరులతో సమానంగా ప్రాక్టీస్ చేసే లైసెన్స్‌కు అర్హత ఉండాలి.

ఈ చివరి షరతు గురించి కన్సల్టెన్సీ బ్రోషర్లలో ఒక్క ముక్క ఉండదు. అక్కడ ప్రాక్టీస్ చేసే ఉద్దేశం మనకు లేకపోయినా ఆ అర్హత ఉండి తీరాలి. అందుకే డబ్బు కట్టకముందు యూనివర్సిటీకే మెయిల్ రాయమనండి. ఈ కోర్సు తరగతులు మొత్తం ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ విడిగా ఎన్ని నెలలు, ఎక్కడ, భారతీయుడికి మీ దేశంలో లైసెన్స్ ఇస్తారా, క్లినికల్ ఏళ్లలో కూడా బోధన ఇంగ్లిష్‌లోనేనా. యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద జవాబు రాకపోతే అక్కడ చేర్చకండి. ఏజెంట్ వాట్సాప్‌లో "అంతా ఎన్‌ఎంసీ ప్రకారమే సార్" అని పెట్టిన మెసేజ్‌కు ఆరేళ్ల తర్వాత కౌన్సిల్ కౌంటర్ దగ్గర విలువ లేదు. ఫిలిప్పీన్స్ పేరు ఎవరైనా చెబితే ఇంకా జాగ్రత్త. అక్కడ మొదట చేసే బీఎస్ కోర్సు వైద్య విద్య కింద లెక్కకు రాదు, ఆ తర్వాతి ఎండీ నాలుగేళ్లదే, అంటే 48 నెలలు. 54 ఎక్కడ, 48 ఎక్కడ. ఆ లెక్క తెలియక వెళ్లిన పిల్లలు, వాళ్ల కోసం అప్పు చేసిన తండ్రులు నా ముందు కూర్చుని ఏడ్చారు. వాళ్లకు చెప్పడానికి నా దగ్గర మంచి మాట ఏదీ లేకపోయింది.

నీట్ క్వాలిఫై కాకుండా పంపే మాటే లేదు. నా సలహా అడిగితే, అబ్బాయికి నీట్‌లో కటాఫ్‌కు కాస్త అటూ ఇటూగా మార్కులుంటే ఇంకో ఏడాది రాయించమంటాను. మన వైపు ఇన్ని ప్రభుత్వ కాలేజీలు వచ్చాక లోకల్ పిల్లలకు సీట్లు పెరిగాయి. బయట ఆరేళ్లు, పరీక్షకు ఒకటో రెండో ఏళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది కలిపి చూస్తే ఆ ఒక్క ఏడాది పెద్ద నష్టం కాదు.

చివరిగా క్లినిక్. ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు సర్టిఫికెట్ తీసుకుని కౌన్సిల్‌లో పర్మినెంట్ రిజిస్ట్రేషన్ చేయించుకున్న రోజు నుంచి మీ అమ్మాయికీ ఉస్మానియాలో చదివినవాళ్లకూ ప్రాక్టీస్ హక్కులో తేడా లేదు. నీట్ పీజీ రాయవచ్చు, ప్రభుత్వ మెడికల్ ఆఫీసర్ పోస్టుకు పెట్టుకోవచ్చు. వెంటనే క్లినిక్ తెరవడం కన్నా ఏదైనా పీహెచ్‌సీలోనో బస్తీ దవాఖానాలోనో ఒకటి రెండేళ్లు పనిచేస్తే చెయ్యి తిరుగుతుందని నా అభిప్రాయం, నిర్ణయం మీది. క్లినిక్కే పెట్టాలనుకుంటే నల్గొండ జిల్లా వైద్య ఆరోగ్య అధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసులో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ చట్టం కింద నమోదు చేయించాలి. సూదులు, దూది, రక్తం అంటిన చెత్త తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు అనుమతి కూడా ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబర్ క్లినిక్‌లో కనిపించేలా పెట్టాలి, ప్రతి మందు చీటీ మీదా ఉండాలి. బోర్డు రాయించేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడి డిప్లొమా మీద ఎండీ అని ఉన్నా అది ఇక్కడ ఎంబీబీఎస్‌తో సమానమే, పీజీ కాదు. పెయింటర్ చేతికి డిప్లొమా జిరాక్స్ ఇవ్వకండి, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇచ్చి, అందులో ఎలా ఉంటే అలాగే రాయించండి.